ఎర్రజెండా వల్ల ఏమొరిగింది?

చిలమత్తూరు మండలంలో ఏ ఊరి రచ్చకట్ట కాడ చూసినా ఈమధ్య ఒక మాట వినబడుతున్నది. "1991లో సోవియట్టు పోయె. 2011లో బెంగాలు పోయె. నిరుడు అడవిలో ఉన్న పెద్ద నాయకులూ పోయిరి. ఇన్నేండ్లు జెండాలు మోసి, జైళ్లకు పోయి, తుపాకి గుండ్లకు ఎదురొడ్డి కూలోనికి ఒరిగిందేమప్పా?" అని.

ఈ ప్రశ్న అడిగేవారు రెండు రకాలు. పెత్తందారు అడుగుతాడు, ఎగతాళికి. ఆయనకు జవాబు అక్కరలేదు. కొడికొండ చెక్‌పోస్టు కాడ తెల్లవారక ముందే సద్ది మూట చేతబట్టుకొని బెంగుళూరు బండి కోసం నిలబడిన కుర్రవాడు కూడా అడుగుతాడు. వాడు నిజంగానే తెలుసుకోవాలని అడుగుతాడు. వాడికి జవాబు చెప్పవలసిన బాధ్యత మన మీద ఉన్నది. అమరుల త్యాగాలు వృథా పోవు అని ఒక్క మాట చెప్పి దాటేస్తే వాడికి తృప్తి ఉండదు. కూలోనికి లెక్క తెలుసు. చేసిన పనికి ఎంత, పట్టుకున్నదెంత, చేతికొచ్చిందెంత అని నిత్యం లెక్క చూసుకొని బతికేవాడు వాడు. కాబట్టి పోరాటాల లెక్క కూడా అట్లానే చెప్పవలె. వచ్చినదేమి, వచ్చి పోయినదేమి, ఇంకా చేతిలో ఉన్నదేమి?

దూరదేశాల లెక్క

1886 మే నెలలో అమెరికాలోని చికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కావాలని సమ్మె కట్టినారు. హే మార్కెట్‌లో బాంబు పేలింది. వేసిందెవరో తేలకుండానే నాయకుల మీద కేసు నడిపి, 1887 నవంబరు 11న నలుగురిని ఉరి తీసినారు. ఆ నలుగురూ ఎనిమిది గంటల పనిని కళ్లారా చూడలేదు. కానీ 1890 నుండి మే ఒకటో తేదీ ప్రపంచ కార్మికుల దినమైంది. ఎనిమిది గంటలు అన్నది దేశదేశాల చట్టాల్లోకి ఎక్కింది. విత్తిన చేయి ఒకటి, కోసిన చేయి మరొకటి. పోరాటాల లెక్కలో ఇది మొదటి పాఠం.

1968 మే నెలలో ఫ్రాన్సు దేశం అట్టుడికింది. ఆ ఉద్యమం మాట వస్తే చదువుకున్నవాళ్లు ప్యారిస్ విద్యార్థులను, గోడల మీది రాతలనే తలుచుకుంటారు. కూలోళ్లు తలుచుకోవలసింది వేరే ఉన్నది. విద్యార్థుల వెనుక దాదాపు కోటిమంది కార్మికులు పని ఆపేసినారు. దిక్కు తోచక ప్రభుత్వమూ యజమానులూ చర్చలకు వచ్చి కనీస వేతనాన్ని 35 శాతం పెంచినారు. అంతవరకూ ఆ దేశంలో పొలం కూలికి కనీస వేతనం వేరు, అది ఫ్యాక్టరీ కార్మికుడి దానికన్నా తక్కువ. ఆ తేడాను ఆ సంవత్సరమే ఎత్తివేసినారు. ప్రభుత్వం కూలలేదు, విప్లవమూ రాలేదు. అయినా పొలంలో చెమటోడ్చేవాడు మిల్లులో చెమటోడ్చేవాడికి తీసిపోడు అన్న మాట చట్టమైంది.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం సంగతి మన ఆడకూలీలు తప్పక తెలుసుకోవలె. అక్కడ తోటల్లో, చేలల్లో కలుపు తీసేందుకు యజమానులు పొట్టికర్ర వేసిన పార ఇచ్చేవారు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నడుము సగానికి వంచితే తప్ప ఆ పార నేలకు ఆనదు. నడుము ఎత్తి నిలబడినవాడు పని చేయడం లేదని మేస్త్రీకి దూరం నుంచే తెలిసిపోవలె, అదీ అందులోని కిటుకు. 1965 సెప్టెంబరులో డెలానో అనే ఊళ్లో ద్రాక్షతోటల ఫిలిప్పైన్ కూలీలు సమ్మెకు దిగినారు. సీజర్ చావెజ్ నాయకత్వాన మెక్సికన్ కూలీలు వారితో కలిసినారు. సమ్మె అయిదేండ్లు నడిచింది. ద్రాక్షపండ్లు కొనవద్దని దేశమంతా ప్రచారం చేసి 1970లో యజమానుల చేత ఒప్పందాల మీద సంతకాలు పెట్టించినారు. 1975లో ఆ పొట్టి పారను నిషేధించినారు. పొలం కూలీలు సంఘం పెట్టుకునే హక్కుకు చట్టం వచ్చిందీ ఆ సంవత్సరమే. శెనక్కాయ చేలో దినమంతా వంగి కలుపు తీసిన తల్లికి, ఇది చిన్న గెలుపో పెద్ద గెలుపో మనం చెప్పనక్కరలేదు.

బ్రెజిల్ దేశంలో భూమిలేని కూలీలు 1984లో ఒక సంస్థగా ఏర్పడినారు. వేల ఎకరాలు బీడు పెట్టుకున్న భూస్వాముల నేలల్లో గుడిసెలు వేసి, సాగు చేసి, ఆ తర్వాతనే సర్కారుతో మాట్లాడినారు. 1988లో వచ్చిన ఆ దేశపు రాజ్యాంగం, భూమి సమాజానికి అక్కరకు రావలెనని రాసుకున్నది. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకొనే వాళ్లు కొట్లాడుతున్నారు. 1996 ఏప్రిల్ 17న పరా రాష్ట్రంలో పోలీసులు 19 మందిని కాల్చి చంపినారు. ఆ తేదీని ఇప్పుడు ప్రపంచమంతటా రైతుకూలీల పోరాట దినంగా జరుపుకుంటున్నారు. లక్షల కుటుంబాలకు అక్కడ నేల దక్కింది.

మన గడ్డ మీది లెక్క

దూరదేశాల సంగతి అటుంచి మన ఇంటికే వద్దాం. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగినప్పుడు తెలంగాణాలో వెట్టి ఒక రివాజు. పాలకుర్తి ఐలమ్మ పండించిన పంటను విసునూరు దేశముఖు మనుషులు కోసుకుపోవడానికి రావడం అప్పటి లోకరీతి. అయిదేండ్ల పోరాటంలో దాదాపు 3,000 గ్రామాల్లో పేదలు దొరల పెత్తనాన్ని ఊడబెరికినారు. పది లక్షల ఎకరాలు పంచుకున్నారు. నాలుగువేల మంది ప్రాణాలు పోయినాయి. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించినారు. పంచుకున్న భూమిలో చాలా మటుకు తిరిగి పోయింది. అయితే ఏమి మిగిలింది? 1949లో జాగీర్దారీ రద్దయింది. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్‌లో వినోబాభావే పోచంపల్లికి వచ్చి భూదానం అడిగినారంటే, అక్కడి నేల అప్పటికే పేదల చేతిలో కాగుతుండబట్టే. వెట్టి మాత్రం తిరిగి పాత రూపంలో రాలేదు. "నీ కాల్మొక్త దొరా" అనే నోరు ఒకసారి తెరుచుకున్నాక మళ్లీ మూతబడదు.

శ్రీకాకుళంలో 1967 అక్టోబరు 31న లేవిడి కాడ కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులను భూస్వాముల మనుషులు కాల్చి చంపినారు. బడిపంతుళ్లు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం నడిపిన ఆ ఉద్యమం 1970 జులైలో వారిద్దరి మరణంతో అణగిపోయింది. కానీ గిరిజన ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదని గట్టిగా చెప్పిన 1/70 నిబంధన అదే సంవత్సరం వచ్చింది. 1959 నుంచీ ఉన్న బలహీనమైన నిబంధనకు పండ్లు మొలిచింది ఆ రక్తం తర్వాతనే. 1973లో భూపరిమితి చట్టం, 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం, 1977లో అసైన్డు భూముల అమ్మకాలను నిషేధించే చట్టం. ఇవేవీ పాలకుల దయాగుణంతో పుట్టలేదు. ఊళ్లలో నిప్పు రగులుతుంటే నీళ్లు చల్లడానికి పుట్టినాయి.

మన జిల్లావాడు తరిమెల నాగిరెడ్డి గారు. భూస్వామి కుటుంబంలో పుట్టి, కూలోళ్ల పక్షం చేరి, 1952లో జైల్లో ఉండే అనంతపురంలో నీలం సంజీవరెడ్డి మీద గెలిచినారు. 1969లో శాసనసభ్యత్వం వదిలి బయటికి వచ్చినారు. అయినా, ప్రజలు కదలకుండా ఒకరిద్దరు శత్రువులను చంపితే విప్లవం వస్తుందనే పద్ధతిని ఆయన ఒప్పుకోలేదు. 1976 జులై 28న, ఎమర్జెన్సీ కాలంలో, అజ్ఞాతంలోనే కన్నుమూసినారు. జైల్లో ఆయన రాసిన పుస్తకం పేరు 'తాకట్టులో భారతదేశం'. ఆ పేరు మనకు ఇంకాసేపట్లో మళ్లీ అవసరం పడుతుంది.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని ప్రధాని మొదలుపెట్టింది ఎక్కడ? మన నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ చట్టం ఢిల్లీలో ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1972-73 కరువులో మహారాష్ట్ర కూలీలు పని కోసం రోడ్ల మీదికి వచ్చినారు, 1977లో అక్కడ పని హామీ చట్టమైంది. 2004లో వామపక్షాల మద్దతు లేనిదే నిలబడని ప్రభుత్వం కేంద్రంలో వచ్చింది, 2005లో దేశమంతటికీ చట్టమైంది. ముప్పై ఏండ్ల దారి అది. ఆ చట్టం వచ్చినాక ఆడకూలికీ మగకూలికీ ఒకటే రేటు అన్నది మన ఊళ్లలో మొదటిసారి మస్టరులో కనబడింది. పెత్తందారు ఇంటి ముందర చేతులు కట్టుకొని నిలబడే అగత్యం కొంతైనా తగ్గింది. కరువు పని ఉన్నదన్న ధైర్యంతోనే "ఈ కూలికి రాము" అనే మాట ఆడవాళ్ల నోట వచ్చింది.

చేదు లెక్క కూడా చెప్పవలె

అంతా గెలుపే అని చెబితే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. ఎర్రజెండా పేరు చెప్పుకున్న ప్రభుత్వాలే రైతు మాట వినడం మానేసిన చోట ఘోరాలు జరిగినాయి. 1932-33లో సోవియట్ దేశంలో, 1959-61లో చైనాలో ధాన్యం లెక్కలు పైకి ఒకటి, పల్లెలో ఒకటిగా నడిచి కోట్లాది ప్రజలు ఆకలితో చచ్చినారు. 2007 మార్చి 14న బెంగాల్‌లోని నందిగ్రాంలో భూమి ఇయ్యమన్న రైతుల మీద కాల్పులు జరిగి 14 మంది చనిపోయినప్పుడు ఆ రాష్ట్రాన్ని ఏలుతున్నది వామపక్ష ప్రభుత్వమే. అదే సంవత్సరం జులై 28న మన ఖమ్మం జిల్లా ముదిగొండలో భూమి కోసం రోడ్డెక్కిన పేదల మీద కాల్పులు జరిగి ఏడుగురు బలైనప్పుడు కాంగ్రెసు ప్రభుత్వం. కుర్చీలో ఎవరున్నారన్నది ఒక్కటే చూసుకొని నిద్రపోతే కూలోని బతుకు తెల్లవారదు. కుర్చీలో మనవాడే ఉన్నా కింద సంఘం మేలుకొని ఉండవలె.

తెలంగాణా పోరాటంలో తుపాకి పట్టిన ఆడవాళ్లను, పోరాటం ముగిసినాక ఇండ్లకు పొమ్మన్నారు. 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకంలో ఆ తల్లులు తమ నోటితోనే ఆ బాధ చెప్పుకున్నారు. కూలీ అంటే చాలదు, ఆ కూలీ ఏ వాడలో ఉంటాడో కూడా చూడవలెనని 1985లో కారంచేడు చెప్పింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం వెనుక ఆ నెత్తురున్నది. ఎర్రజెండా ఆలస్యంగా నేర్చుకున్న పాఠాలివి. ఇప్పటికీ సంఘం సమావేశంలో ఆడకూలి వెనుక వరుసలోనే కూర్చుంటుంటే ఆ పాఠం ఇంకా పూర్తి కాలేదన్నమాట.

మన మండలంలో ఏమి జరిగింది?

పోరాటం ఉన్నచోట మిగిలిందేమిటో చూసినాము. లేనిచోట పోయిందేమిటో మన కండ్ల ముందరే ఉన్నది. 2008-09 కాలంలో లేపాక్షి నాలెడ్జ్ హబ్ అని చెప్పి చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో దాదాపు 8,800 ఎకరాలు సేకరించి ఒక కంపెనీకి అప్పగించినారు. ఊరికో ఫ్యాక్టరీ, ఇంటికో ఉద్యోగం వస్తుందన్న ఆశ పుట్టించినారు. హబ్ రాలేదు. భూములు మాత్రం బ్యాంకుల్లో కుదువకు పోయినాయి. సీబీఐ కేసు అయింది. కంపెనీ దివాలా తీసింది. 2022లో దివాలా పరిష్కారం కింద ఆ భూములు మరొకరి చేతికి పోతాయనేసరికి రాష్ట్రమంతా గొడవైంది. నాగిరెడ్డి గారు దేశం తాకట్టులో ఉన్నదన్నారు. మన మండలంలో శెనక్కాయ, రాగి, కంది పండే నేల, గొర్రెలు మేసే గుట్టవార నిజంగానే తాకట్టులోకి పోయింది.

పట్టా ఉన్నవాడికి అంతో ఇంతో పరిహారం అందింది. ఆ నేల మీద కూలికి పోయినవాడు, ఆ గుట్టల్లో మేకలు కాచినవాడు అప్పటి 1894 నాటి చట్టంలో లెక్కకే రాడు. తర్వాత చట్టం మారింది. సింగూరు, నందిగ్రాం, 2010 జులైలో సోంపేట, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి, ఈ ఊళ్లన్నిటి పోరాటాల ఒత్తిడితో 2013లో కొత్త భూసేకరణ చట్టం వచ్చింది. ప్రయివేటు కంపెనీ కోసమైతే 80 శాతం మంది ఒప్పుకోవలె. ఆ భూమి మీద బతికే కూలీలనూ, కౌలుదారులనూ బాధితులుగా లెక్కించవలె. ఇదీ ఆ చట్టం మాట. మన భూములు పోయినాక అయిదేండ్లకు ఈ మాట వచ్చింది. అంతలోనే 2018లో మన రాష్ట్రం సవరణ చేసి, కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ పరిశీలన అక్కరలేదన్నది. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాక్కోవడం ఇట్లా ఉంటుంది.

అసైన్డు భూములదీ ఇదే కథ. 2023లో చట్టం సవరించి, పట్టా ఇచ్చి 20 ఏండ్లు దాటితే అమ్ముకోవచ్చన్నారు. అమ్ముకునే స్వేచ్ఛ అంటే వినడానికి బాగానే ఉంటుంది. కానీ బెంగుళూరు హైవే పక్కన, పెండ్లికి అప్పు చేసిన పేదోనికి ఆ స్వేచ్ఛ ఎన్నినాళ్లు నిలుస్తుంది? 1977 చట్టం కంచె కట్టింది పేదోణ్ణి బంధించడానికి కాదు, వాడి అవసరాన్ని కనిపెట్టుకొని తిరిగే దళారీని ఆపడానికి.

ఇప్పుడు పోతున్నదేమిటి?

2025 డిసెంబరులో పార్లమెంటు 2005 నాటి ఉపాధి హామీ చట్టం స్థానంలో వేరే చట్టాన్ని ఆమోదించింది. జి రామ్ జి చట్టమని అందరూ అంటున్నది దాన్నే. వంద దినాలు 125 అయినాయని ప్రచారం. లోపల ఏమున్నదో చూడండి. ఇంతకు ముందు కూలి డబ్బు మొత్తం కేంద్రమే భరించేది. కొత్త చట్టంలో మన వంటి రాష్ట్రాలు వందకు నలభై పెట్టవలె. ఏ రాష్ట్రానికి ఎంత అన్నది కేంద్రం ముందే గీత గీస్తుంది, దాటితే ఆ ఖర్చు రాష్ట్రానిదే. అడిగినవాడికల్లా పని అన్న హక్కు, సర్కారు సంచిలో ఉన్నంతవరకే పని అన్న పథకంగా మారే ప్రమాదం ఇందులో ఉన్నది.

అన్నిటికన్నా మనకు తగిలే దెబ్బ ఇంకొకటి. విత్తనం, కోతల కాలంలో ఏడాదికి 60 దినాలు పని ఆపవలెనని అందులో ఉన్నది. ఆ దినాలు ఏవో రాష్ట్రం ప్రకటించవలె. కృష్ణా డెల్టాలో కాలువ నీళ్లతో నాట్లు తేదీ ప్రకారం పడతాయి. మన అనంతపురం పీఠభూమిలో వాన వస్తేనే విత్తనం. జూన్, జులైలో చినుకు పడకపోతే రైతు చేనుకు పోడు, కూలీకి పని ఉండదు. ఆ దినాల్లోనే కరువు పనీ మూసేస్తే కూలోడు యాడికి పోవలె? వాన పడిన ఏడాది సంగతి ఇంకొక రకం. వేరే పని లేదని తెలిసినాక పెత్తందారు చెప్పిందే కూలి రేటు. దాదాపు ఇరవై ఏండ్లుగా ఆడకూలి సంపాదించుకున్న బేరమాడే బలం ఆ రెండు నెలల్లో కరిగిపోతుంది.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చినాయి. మన పిల్లలు హిందూపురం వైపు ఫ్యాక్టరీలకు, పెనుకొండ కాడి కార్ల కంపెనీకి పోతున్నారు. రాష్ట్రం దినానికి పది గంటల దాకా పని చేయించుకునే వీలు కల్పించిందీ ఆ సంవత్సరమే. చికాగోలో నలుగురు ఉరికొయ్య ఎక్కి తెచ్చినది ఇక్కడ ఒక్కొక్క గంటే జారిపోతున్నది.

జారిపోయేదాన్ని ఆపగలమా? ఆపినవారు ఉన్నారు. 2020 నవంబరు 26న ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్న రైతులు ఏడాదికి పైగా చలికి, ఎండకు లేవలేదు. 700 మందికి పైగా చనిపోయినారని కిసాన్ మోర్చా లెక్క. 2021 నవంబరులో మూడు చట్టాలను ప్రభుత్వం వాపసు తీసుకున్నది. మద్దతు ధరకు చట్టం ఇంకా రాలేదు. సగం గెలుపు. కానీ పార్లమెంటు చేసిన చట్టం రోడ్డు మీద రద్దు కాగలదని మన తరం కండ్లతో చూసింది.

చేయవలసినది

కాబట్టి కుర్రవానికి మన జవాబు ఇది. ఒరిగింది చాలానే ఉన్నది. అది విగ్రహాల్లో లేదు, చొక్కాల మీది బొమ్మల్లో లేదు. మస్టరులో ఉన్నది, డి-పట్టాలో ఉన్నది, ఎనిమిది గంటల లెక్కలో ఉన్నది, ఎవరి ముందరా చెప్పు విడవకుండా నడిచే నీ నడకలో ఉన్నది. అయితే చేనుకు కంచె కట్టినాక ఇంట్లో పడుకుంటే పశువులు పడి మేసిపోతాయి. పోరాడి తెచ్చుకున్న హక్కుకు కాపలా అక్కర.

కాపలా అంటే ఏమిటి? ఒకటి, పని కావాలని నోటితో అడగడం మానండి. కాగితం మీద పదిమంది సంతకాలు, వేలిముద్రలతో అడగండి. తేదీ వేసిన రసీదు పట్టుకోండి. పదిహేను దినాల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి అడిగే హక్కు పాత చట్టంలోనూ ఉన్నది, కొత్తదానిలోనూ ఉన్నది. రసీదు లేకపోతే ఆ హక్కు గాలికి పోతుంది. రెండు, పని ఆపే 60 దినాలు రాజధానిలో కూర్చొని గీసే లెక్క కారాదు, వాన చూసి తేలవలె, కరువు మండలాలకు ఆ ఆపుదల వర్తించరాదు అని ప్రతి పంచాయతీ గ్రామసభలో తీర్మానం పెట్టించండి. ఒక ఊరి తీర్మానం బుట్టలో పడుతుంది. మండలంలోని అన్ని ఊళ్లదీ పడదు. మూడు, హబ్ పేరుతో పోయిన భూముల్లో మన ఊరి సర్వే నంబర్లు ఏవి, పట్టా ఎంత, అసైన్డు ఎంత, ఎవరికి ఎంత ముట్టింది, కూలోళ్లు ఎంతమంది పని పోగొట్టుకున్నారు, ఇదంతా ఊరి చదువుకున్న పిల్లల చేత ఒక పుస్తకంలో రాయించండి. రేపు ఆ భూమి మీద ఎవరొచ్చి కూర్చున్నా మన చేతిలో ఆ పుస్తకం ఉండవలె. నాలుగు, సంఘం సభ్యత్వంలో ఆడకూలీలు ఎంతమందో, కమిటీలో కూడా అంతమంది ఉండవలె.

ఇవి చిన్న పనులు. జిందాబాద్ కొట్టినంత ఊపు వీటిలో ఉండదు. కానీ కాలిఫోర్నియాలో పొట్టి పార పోయిందీ, బండ్లపల్లికి కరువు పని వచ్చిందీ ఇటువంటి చిన్న పనులు ఏండ్ల తరబడి విడవకుండా చేసినవారి వల్లనే. ముంగారు దగ్గర పడుతున్నది. వాన మన చేతిలో లేదు. దరఖాస్తు మన చేతిలో ఉన్నది. గ్రామసభ మన ఊళ్లోనే ఉన్నది. ప్రతి కూలివాడలో ఈ వారమే కూర్చొని మాట్లాడుకోండి, పేర్లు రాసుకోండి, మండలాఫీసుకు కలిసి కదలండి!